మంద పేర్లు

మా మామ ఓబులయ్యకు కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన కేక వేస్తే మేతలో ఉన్న గొర్రె కూడా తల ఎత్తి చూసి, ఆ కేక తన మీద కాదని తేల్చుకున్నాకే మళ్లీ మూతి కిందికి దించేది. అలాంటి మనిషిని తెల్లదొరల కాలంలో ఒక వేసవిలో దారప్పోగంత పురుగు మంచానికి కట్టేసింది. నారికురుపు. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. తెలియకపోవడమే మంచిది.

మా ఊరు తర్లుపాడుకు కోసెడు దూరం. ఊరందరికీ తాగేందుకు ఒకటే దిగుడుబావి. ఎండలు ముదిరి నీళ్లు అడుగంటే వేళకు ఊళ్లో చాలామందికి కాలి మీద పొక్కు లేచేది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు తాళలేక జనం బావి మెట్లు దిగి, కాలు నీళ్లలో పెట్టుకుని కూర్చునేవాళ్లు. పొక్కు పగిలి అందులోంచి తెల్లటి నారలాంటి పురుగు తల బయటపెట్టేది. ఆ తలను పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున బయటికి తీయాలి. తొందరపడి గుంజితే తెగిపోతుంది. తెగితే లోపలి ముక్క కుళ్లి కాలంతా చీము పడుతుంది. కాళ్లు పోయినవాళ్లున్నారు, ప్రాణాలే పోయినవాళ్లూ ఉన్నారు.

ఉగాది దాటాక మందల్ని నల్లమలకు తోలుకుపోవడం మా గొల్లల ఆనవాయితీ. ఇక్కడ గడ్డి మాడిపోయినా అడవిలో ఆకు దొరుకుతుంది. మా మందకు ముందు నడిచేది ఎప్పుడూ మా మామే. ఆ ఏడు బయలుదేరాల్సిన పొద్దున ఆయన కర్ర పట్టుకుని లేచాడు, వాకిలి దాటకుండానే కూలబడ్డాడు. చీలమండ పైన పొక్కు. అంతకు ముందేడు కూడా ఆయనకు ఒకటి లేచింది గానీ, అది చిన్నది, బావిలో కాలు పెట్టుకుని నాలుగు రోజులు కూర్చుంటే దానంతటదే పోయింది. ఈసారిది అలా పోయే రకం కాదు.

"నువ్వు తోలుకపో లింగా," అన్నాడు నా పెనిమిటితో, మొహం అటు తిప్పుకుని. "వానలు పడినాక రా. ముసలిదోర గొర్రెను ముందు పెట్టు. దానికి దారి తెల్సు."

మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మంద కదిలిపోయాక ఇంట్లో మిగిలింది నేనూ, మామా, ఆయన కోపమూ. పెళ్లయి ఏడాది దాటినా ఆయన నాతో మాట్లాడింది తక్కువ. "నీళ్లు", "సంగటి", "తలుపెయ్యి" – ఈ మూడు మాటలతో ఏడాది గడిపేశాడు.

తర్లుపాడులో మిషనోళ్లు పెట్టిన చిన్న దవాఖానా ఉండేది. ఒక గది, ముందు వరండా, అంతే. అక్కడ పుండ్లకు కట్లు కట్టే డ్రెస్సరు పేరు యోసేపు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాలపల్లెలో పుట్టి, మిషను బడిలో చదువుకున్న కిరస్తానీ. మా ఊళ్లో ఎవరికేం వచ్చినా ఆయన్నే పిలిచేవాళ్లు, కానీ ఇంటి ఆవరణలోకి రానిచ్చేవాళ్లు కాదు. దాహమంటే దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. ఆ కాలం అలాంటిది. నేను కబురు పెడితే, మర్నాడు పొద్దుటి రైలు పోయిన కాసేపటికి ఆయన మా ప్రహరీ అవతల వచ్చి నిలబడ్డాడు.

"ఎవురు రమ్మన్నారు నిన్ను?" అన్నాడు మామ మంచంలోంచే.

"సుబ్బులమ్మ కబురు పెట్టింది పెద్దయ్యా. కాలు చూసిపోదామని వచ్చినా."

"చూడు. ఆడ్నుంచే చూడు. ఏం చెయ్యాల్నో చెప్తే మా కోడలు చేస్తది."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. యోసేపు మాత్రం, "అట్లనే పెద్దయ్యా," అని ప్రహరీ పక్కన పలకరాతి మీద కూర్చుని, అక్కడినుంచే నాకు పని నేర్పాడు. తడిగుడ్డ వేసి మెత్తబడనివ్వడం, పురుగు తలను చీపురుపుల్లకు మెల్లగా చుట్టడం, పుల్ల జారకుండా గుడ్డతో కట్టడం.

"దారం వడికినట్ల అమ్మా. చెయ్యి వణకనియ్యబాకండి. రాకుంటే ఆపెయ్యాల. చాలు, చాలు. మిగతాది రేపు."

లేచి పోతూ ఒక మాట చెప్పాడు. "పెద్దయ్యా, ఆ బావిలో మాత్రం కాలు పెట్టబాకండి. ఈ పురుగు పిల్లలు నీళ్లల్లో పడతాయి. కంటికి అవుపడవు. ఆ నీళ్లు తాగినోళ్లకు ఏడాది తిరిగేతలికి ఇదే జబ్బు. నీళ్లు గుడ్డలో వడబోసుకోని తాగండి."

"మా తాతలనాటి బావి అది. దానికి వంక పెట్టను వచ్చినావా?" అని మామ లేచాడు. లేవడమంటే నోటితోనే, కాలు లేవలేదు కదా.

అయినా యోసేపు రోజూ వచ్చేవాడు. రైలు పోతే ఇక ఆయన వస్తాడని నాకు గురుతు. రోజూ అదే పలకరాయి, అదే ఓపిక. నా చేతి కింద పుల్ల మీద చుట్లు పెరుగుతున్నాయి గానీ, మామకు ఆ నత్తనడక గిట్టలేదు. కాలు గాలిన పిల్లి ఊరంతా తిరుగుతుందంటారు, ఈయన కాలు కాలి కూడా తిరగలేక, ఆ తిరుగుడంతా మాటల్లో తిరిగేవాడు.

ఒకరోజు నేను కడవ ఎత్తుకుని బావి నుంచి వచ్చేసరికి మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లేనిది నవ్వుతున్నాడు. చేతిలో పుల్ల, దానికి వేలాడుతూ తెగిన పురుగు.

"పీకేసినా," అన్నాడు. "గొర్రె గిట్టలో ముల్లు పీకినట్ల, ఒక్క గుంజుకు. దీనికేనా ఇన్నాళ్ల తతంగం?"

కడవ దింపి దగ్గరికి పోయి చూశాను. పుల్లకున్న ముక్క చివర తెగినట్టే ఉంది, మిగతాది లోపలే ఉంది. తెల్లారేసరికి కాలు మోకాలి దాకా వాచి నిగనిగలాడింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మామ కేకలు ఆగిపోయాయి. ఆ కేకల కోసం నేను ఎప్పుడైనా ఎదురుచూస్తానని కలలో కూడా అనుకోలేదు.

యోసేపు వచ్చి ప్రహరీ మీదుగా చూశాడు. తెగిన పురుగున్న పుల్లను నేను చూపించాను. ఇక తిట్లు పడతాయనుకున్నాను, తిట్టే హక్కూ ఉంది ఆయనకు. ఆయన తల ఒకసారి ఊపి, "నీళ్లు మరగబెట్టండి సుబ్బులమ్మా. యాపాకు వేసి," అన్నాడు. తర్వాత మామ వైపు తిరిగాడు.

"పెద్దయ్యా, ఇంక ఈడ్నుంచి చెప్తే అయ్యే పని గాదు. నేను ముట్టుకోవాల."

మామ కళ్లు తెరిచాడు. "ముట్టుకోకుంటే?"

"కాలు పోవచ్చు. ప్రాణం మీదికే రావచ్చు."

"కాలు పోతే గొల్లోడు ఉండీ ఏం లాభంరా? కుంటిదైన గొర్రెను ఏం చేస్తమో నీకు తెల్సు గదా."

"గొర్రెకు చేసేది మనిషికి చెయ్యం గదా పెద్దయ్యా. నన్ను రానీండి."

మామ నా వైపు చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు ఆయన. కాసేపటికి ఆ వాచిన కాలును రెండు చేతులతో పట్టుకుని, మంచం అంచు దాకా, యోసేపు నిలబడ్డ వైపుకు జరిపాడు.

యోసేపు లోపలికి వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాపు కోసి చీము తీస్తున్నంతసేపూ మామ నులకతాడు పట్టుకుని పళ్లు బిగించాడు గానీ మూలగలేదు. నేనే చూడలేక మొహం తిప్పుకున్నాను. కడిగి, కాపడం పెట్టి, కట్టు కట్టేసరికి యోసేపు చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఆ రోజునుంచి పొద్దునొకసారి, మళ్లీ పొద్దుగూకే ముందు ఒకసారి వచ్చి పుండు కడిగిపోయేవాడు. జ్వరం దిగింది. వాపు తీసింది. నేను పాత చీర చెంగు మడిచి కడవ మూతికి కట్టి నీళ్లు వడబోస్తుంటే, మామ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఒక పొద్దున కట్టు విప్పి యోసేపు ఒక్కసారిగా నవ్వాడు. పుండు లోపల తెల్లటి నార తల మళ్లీ అవుపడింది. తెగిన పురుగు తనంతట తాను బయటికి దారి వెతుక్కుంది. ఇక ఈసారి చుట్టేది యోసేపే. కానీ ఆయన వేలు తగలగానే మామ కాలు కొయ్యలా బిగుసుకునేది. ఒకసారి చెయ్యి కాలిన మనిషి మళ్లీ పొయ్యి దగ్గర ఎలా ఉంటాడో అలా.

"బిగదియ్యబాకండి పెద్దయ్యా. మీరు బిగిస్తే అదీ బిగుసుకుంటది. మళ్లీ తెగిందంటే నా చేతిలో ఏం లేదు."

"నేనేమన్నా కావాల్నని బిగిస్తన్నానా?"

యోసేపు తడిగుడ్డ మళ్లీ వేసి, ఏదో ఆలోచించి అడిగాడు. "మీ మందలో ముందర నడిచేది ఏది పెద్దయ్యా?"

"ముసలిదోర. ఎందుకు నీకు?"

"ఊరికెనే. దాని ఎనక?"

"పల్లమూతి. ముసలిదోర కూతురే అది. దాని ఎనక చుక్కజోడిపి."

ఎర్రటి గొర్రెను దోర అంటాం, తెల్లదాన్ని పల్ల, కళ్ల చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి. ఆయన ఒక్కో పేరూ చెప్తుంటే యోసేపు దాని వెనకది అడుగుతున్నాడు. చుక్కజోడిపి తర్వాత పొట్టిచెవి. దాని తర్వాత కవలల తల్లి. తర్వాత తిక్కది.

"అదెందుకు తిక్కది అయింది పెద్దయ్యా?"

"రైలు కూత ఇంటే చాలు, దానికి ఎదురు ఉరుకుతాది. ఇంజన్ని పొడుద్దామని!" అంటూ మామ కడుపులోంచి నవ్వాడు. ఆ నవ్వుతో కాలు వదులైంది. పుల్ల మెల్లగా ఒక చుట్టు తిరిగింది.

అప్పటినుంచి రోజూ అదే వరస. రైలు పోవడం, యోసేపు రావడం, "ముందర నడిచేది ఏది పెద్దయ్యా" అని మొదలుపెట్టడం. ఏ గొర్రె ఏ వాగులో ఈనింది, దేనికి చింతాకు ఇష్టం, ఏది పొట్టేలుకు లొంగదు – అన్నీ వచ్చేవి. గోడ పక్కన ఒడ్లు దంచుతూ నేనూ వినేదాన్ని. ఆ ఇంటి కోడలినై ఏడాదైనా నాకు ఆ పేర్లలో ఒకటీ రెండూ తప్ప తెలియవు. నాకు యోసేపు మీద కొంచెం కుళ్లు పుట్టిన మాట కూడా నిజమే.

మామ తెలివితక్కువవాడేం కాదు. ఒకనాడు పట్టేశాడు. "ఒరే యోసేపు, నన్ను మాటల్లో పెట్టి నీ పని నువ్వు చేస్కుంటన్నావు. నేను చెప్పేది ఒక్కటన్నా ఇంటన్నావా?"

"ఇంటానే ఉండా పెద్దయ్యా."

"నీ చూపంతా పురుగు మీద. గొర్రెల గొడవ నీకేంది?"

యోసేపు నవ్వి ఊరుకున్నాడు. ఆయన పోయాక మామ నాతో అన్నాడు, "మంచోడే. చేతిలో పని ఉంది. ఇనడంతే." ఆ మాటలో కాస్త దిగులు ఉన్నట్టు నాకనిపించింది. మూడు మాటలు దాటి ఆయన తన మనసులో మాట నాతో చెప్పింది అదే మొదలు.

రోహిణి కార్తె ఎండలకు కొండ నుంచి పుట్టతేనె దింపుకొచ్చే మనిషి ఒకడు మా వాకిట్లో ఆగాడు. లింగయ్య పంపిన కబురు చెప్పాడు. మంద బాగుంది. ముసలిదోరను మాత్రం చిరుతపులి ఎత్తుకపోయింది. మామ "ఊ" అన్నాడు. ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు.

మర్నాడు యోసేపుకు ఆ సంగతి తెలియదు. గుడ్డ తడిపి, ఎప్పటిలాగే అడిగాడు. "ముందర నడిచేది ఏది పెద్దయ్యా?"

మామ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "పల్లమూతి," అన్నాడు.

యోసేపు చెయ్యి ఆగింది. తలెత్తి నా వైపు చూశాడు. నేను లేదన్నట్టు చెయ్యి తిప్పాను. ఆయన పుల్లను మళ్లీ గుడ్డతో కట్టేశాడు. "ఈపొద్దుకు ఇంక రాదు లెండి. రేపు చూస్తాం," అన్నాడు. తర్లుపాడులో వరండా నిండా జనం ఆయన కోసం కూర్చుని ఉంటారని నాకు తెలుసు. ఆయన లేవలేదు. మంచం కోడుకు ఆనుకుని నేల మీదే కూర్చున్నాడు.

మామే మాట్లాడాడు. "ముసలిదోర తల్లి ఈనుతానే చచ్చిపాయె. గుడ్డ పాలల్లో ముంచి నేనే పెట్టినా నోట్లో. నా పంచెలోనే పడుకునేది."

"ఊ," అన్నాడు యోసేపు.

"మా ఆడది ఉన్నప్పుడు. ఆమే అనింది, ఇది నీకు కూతురేనని."

"ఊ."

అంతే. మామ చెంపల మీద నీళ్లు కారుతుంటే, ఇంకేం ఓదార్పు మాటలు చెప్పలేదు ఆయన. నేను రోకలి పక్కన పెట్టి, ఎవరికీ అవుపడకుండా కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. మా ఇంట్లో నా ముందు ఒక మగవాడు ఏడవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఎప్పుడు పేర్లు చెప్పినా మామ పల్లమూతితోనే మొదలుపెట్టేవాడు. యోసేపు కూడా "ముందర ఏది" అని అడగడం మానేసి, "చెప్పండి పెద్దయ్యా," అనేవాడు.

పురుగు పూర్తిగా బయటపడిన రోజున దాన్ని యోసేపు పొయ్యిలో వేసి కాల్చేశాడు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయి. లింగయ్య మందతో తిరిగొచ్చాడు, గడ్డం పెరిగి గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. మామ కర్ర ఆసరాతో దొడ్డి దాకా పోయి, గొర్రెల వీపులు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు. కాలు నిలిచింది. కొంచెం ఈడుస్తాడు, అంతే.

ఆ సంతోషంలో ఉండగానే యోసేపు రావడం మానేశాడు. పుండు మానిందో లేదో చూడ్డానికి అప్పుడప్పుడు వస్తానన్న మనిషి. రైలు పోయేది, మామ దారి వైపు చూసేవాడు, ఎండ ఎక్కేది. రెండు మూడు రోజులు అలా చూసి, నాలుగోనాడు కర్ర తీసుకున్నాడు.

"యాడికి నాయనా? నేను పోయి కనుక్కోనొస్తా," అన్నాడు లింగయ్య.

"నా కాలు చూపియ్యాలంటే నా కాలే పోవాల. సుబ్బులూ, మజ్జిగ ముంత తీస్కోని నువ్వు రా."

దారి పొడుగునా ఆగుతూ, కూర్చుంటూ పోయాం. తర్లుపాడు దవాఖానా పక్కనే యోసేపు ఇల్లు. ఆయన భార్య ఎలీషబా మమ్మల్ని వాకిట్లో చూసి ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయింది. మా ఊరివాళ్లెవరూ అంతవరకు ఆ గడప తొక్కలేదు. ఆమెను దాటి మామ లోపలికి నడిచాడు. యోసేపు చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. మోకాలి వెనక కట్టు. ఆ కట్టులోంచి చీపురుపుల్ల కొస కనిపిస్తోంది.

"ఏందిరా ఇది?"

యోసేపు లేవబోయి, లేవలేక నవ్వాడు. "నాకూ వచ్చింది పెద్దయ్యా. కంటికందని తావులో లేచింది. మా ఆమెకేమో దీన్ని చూస్తేనే చెయ్యి ఆడదు. మార్కాపురం కబురు పెట్టినాం, ఎవురన్నా వస్తారు."

"యాడ తాగినావు నీళ్లు?"

యోసేపు కట్టు సర్దుకోబోయాడు. నాకు గుర్తొచ్చింది. పోయినేడు ఎండల్లో టీకాలవాళ్లతో కలిసి మా ఊరికి వచ్చినప్పుడు, బావి దగ్గర ఆయన దోసిట్లోకి నీళ్లు పోసింది నేనే. అదే చెప్పాను.

మామ ఆ మాట విని నేల చూశాడు. "పోయినేడు ఆ బావిలో కాలు పెట్టుకోని కూసున్నోణ్ణి నేనే గదరా," అన్నాడు.

"మీరొక్కరేనా పెద్దయ్యా? ఊరంతా కూసుంది. వదిలెయ్యండి."

మామ కర్ర గోడకు ఆనించాడు. అవిటికాలు చాపి, కష్టం మీద నేల మీద కూర్చున్నాడు. "ఇట్ల పెట్టు కాలు," అన్నాడు తన ఒడి చూపించి.

"వద్దు పెద్దయ్యా, మీరు నా కాలు–"

"పెట్టు నాయనా."

ఆయన నోట ఆ పిలుపు యోసేపుకు కొత్త. కాలు జరిపాడు. మామ దాన్ని ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పాడు. నన్ను గుడ్డ తడపమన్నాడు. జీవితమంతా గొర్రెల్ని ఈనించిన చేతులవి, వణకలేదు. పుల్ల పట్టుకుని మెల్లగా తిప్పబోయాడు. యోసేపు పిక్క గట్టిగా బిగుసుకుంది.

"బిగదియ్యబాక," అన్నాడు మామ. "నువ్వు చెప్పిందే గదా. పేర్లు చెప్పు."

"నాకు యాడుండాయి పెద్దయ్యా గొర్రెలు?"

"నాయే చెప్పు."

యోసేపు చాప మీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ముందర ముసలిదోర," అన్నాడు.

మామ చెయ్యి ఆగిపోయింది. ఎలీషబా గడపలో కదలకుండా నిలబడింది.

"తప్పా పెద్దయ్యా?"

"తప్పు గాదు. అదే ముందర నడిచేది. చెప్పు."

"ముసలిదోర ఎనక పల్లమూతి. కూతురు. దాని ఎనక చుక్కజోడిపి. పొట్టిచెవి. కవలల తల్లి, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఈనింది. తిక్కది, రైలుకు ఎదురు ఉరుకుతాది. ఒంటికొమ్ము పొట్టేలు, దానికి చింతాకు కావాల..."

ఒక్కటీ మర్చిపోలేదు. ఒక్కటీ వెనకాముందూ కాలేదు. అన్నేళ్లు ఆ మందతో తిరిగిన నా పెనిమిటి కూడా అంత వరసగా చెప్పలేడు. మామ నా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు నిలిచాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఇన్నాడే సుబ్బులూ," అన్నాడు. "అంతా ఇన్నాడే."

యోసేపు పేర్లు చెప్తూనే ఉన్నాడు. పిక్క వదులైంది. మామ పుల్లను ఒక చుట్టు తిప్పాడు.